ఏ చేతులు రాశాయి? బైబిల్ రచయితల గురించి అపోహలు – వాస్తవాలు

ఒక శనివారం సాయంత్రం మా సంఘంలో యవ్వనస్థుల కూడిక. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ద్వితీయోపదేశకాండం ఆఖరి అధ్యాయం తెరిచి, "అన్నా, ఇది మోషే రాసిన పుస్తకం అంటాం కదా. ఇందులో మోషే చనిపోయాడని, జనం ముప్పై రోజులు ఏడ్చారని, ఆయన సమాధి ఎవరికీ తెలియదని ఉంది. మరి ఇదెవరు రాశారు?" అన్నాడు. పక్కనున్న పెద్దాయనొకరు, "ఇలాంటి సందేహాలు సాతాను పుట్టిస్తాడు తమ్ముడూ, ప్రార్థన చేసుకో" అన్నారు. కుర్రాడు బైబిల్ మూసేశాడు.

వాక్యం శ్రద్ధగా చదివినందుకు వాడికి దక్కిన జవాబు అది. ఆ రోజు నుంచి ఈ సంగతి రాయాలనుకుంటున్నాను.

అపోహ: ఈ ప్రశ్నలు బైబిల్ అంటే గిట్టనివాళ్లు పుట్టించినవి.

ఆ కుర్రాడి ప్రశ్న యూదుల తాల్ముదులోనే ఉంది. చివరి ఎనిమిది వచనాలు యెహోషువ రాశాడని ఒక రబ్బీ అంటే, దేవుడు చెబుతుండగా మోషే కన్నీళ్లతో రాశాడని మరొకరన్నారు. అడగడం పాపమని మాత్రం ఎవరూ అనలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఎవరిదో దేవుడికే తెలియాలని 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే సంఘ పండితుడు ఒప్పుకున్నాడు. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియస్, యోహాను సువార్త గ్రీకునూ ప్రకటన గ్రంథం గ్రీకునూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకటి సాఫీగా సాగుతుంది, రెండోదాంట్లో వ్యాకరణం తడబడుతుంది. ఈ రెండూ ఒకే యోహాను రాసినవి కావన్నాడు. ఆయన ప్రకటన గ్రంథాన్ని తోసిపుచ్చలేదు, రచయిత వేరన్నాడంతే. బైబిల్ పండితులు ఈనాటికీ వాడే పద్ధతి అదే.

ఆదికాండంలో దేవుణ్ణి ఒకచోట ఎలోహీం అని, ఇంకోచోట యెహోవా అని ఎందుకన్నారో చూసి, వాటి వెనక వేర్వేరు మూలాలున్నాయని 1753లో విడమరచి చెప్పింది ఝాఁ ఆస్త్రూక్ అనే ఫ్రెంచి వైద్యుడు. ఆయన మోషేను కాదనడానికి రాయలేదు. మోషే పాత పత్రాలను ఒకచోట చేర్చి కూర్చాడని నిరూపించి, మోషే వైపు వాదించడానికే రాశాడు.

అయితే ఈ చదువుకు వెల లేదని అనను. ఈ మూలాల సిద్ధాంతాన్ని 19వ శతాబ్దంలో గట్టిగా నిలబెట్టిన జర్మన్ పండితుడు వెల్‌హౌసెన్, తన పాఠాలు విద్యార్థులను సంఘ సేవకు సిద్ధం చేయడం లేదనే బాధతో 1882లో వేదాంత ఆచార్య పదవి వదులుకున్నాడు. కాథలిక్ సంఘం కూడా తడబడుతూనే నడిచింది. 1906లో వాటికన్ బైబిల్ కమిషన్ ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా మోషే రచనేనని పట్టుబట్టింది. 1943లో పన్నెండో పయస్ పోపు, ప్రాచీన రచనా పద్ధతులను చదివి తెలుసుకోవడం వ్యాఖ్యాతల బాధ్యత అన్నాడు. ఆ తలుపు తెరుచుకున్నాకే రేమండ్ బ్రౌన్ లాంటి పాదిరీలు జీవితాంతం పూజ చేస్తూనే యోహాను సువార్త ఎన్ని దశల్లో రూపుదిద్దుకుందో రాశారు. ఇప్పటికీ మోషే రచనేనని నమ్మే విశ్వాసులు, పండితులు చాలామంది ఉన్నారు. వాళ్లలోనూ ఆఖరి వచనాలు మరొకరు చేర్చారని ఒప్పుకునేవాళ్లున్నారు.

అపోహ: పుస్తకం మీద ఒక పేరుంటే, మొదటి నుంచి చివరిదాకా ఆయనే కూర్చుని రాశాడు.

ఇది బైబిలే ఒప్పుకోని మాట. యిర్మీయా 36వ అధ్యాయం తీయండి. ప్రవక్త నోటితో చెబుతుంటే బారూకు సిరాతో చుట్ట మీద రాశాడు. దాన్ని యెహోయాకీము రాజు ముందు చదివారు. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పుల్లో పడేశాడు. చుట్టంతా అలాగే కాలిపోయింది. తర్వాత ప్రవక్త మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. ఈసారి అలాంటి మాటలు ఇంకా చాలా చేరాయని ఆ అధ్యాయమే చెబుతుంది. అంటే మన చేతికి వచ్చింది మొదటి ప్రతి కాదు. ఒక ప్రవచన గ్రంథం ఎలా తయారైందో ఇంత దగ్గరగా చూపించిన చోటు బైబిల్లో మరొకటి నాకు కనబడలేదు.

రోమా పత్రిక చివర్లో తెర్తియు, ఇది రాసింది తానేనని తన వందనాలు కూడా చేర్చాడు. సామెతల్లో కొన్నింటిని హిజ్కియా మనుషులు ఎత్తి రాశారని అక్కడే ఉంది. లూకా అయితే తనకంటే ముందు చాలామంది రాశారని మొదటి వాక్యంలోనే చెప్పి, అన్నీ విచారించి రాస్తున్నానంటాడు. దైవావేశం అంటే పైనుంచి అక్షరాలు రాలిపడటమని ఈ పుస్తకాల్లో ఎవరూ అనుకోలేదు.

మన తెలుగు బైబిల్ కథా అంతే. విశాఖపట్నం మిషనరీలు క్రాన్, దే గ్రాంజ్‌ల పేర్లు చరిత్రలో ముందుంటాయి. కానీ వాళ్ల వెనక ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి భాష ఉంది. వాళ్లు అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి మిషనరీలిద్దరూ కన్నుమూశారు.

అపోహ: సువార్తలకు పేర్లు కల్పించి పెట్టారు. ఏ పుస్తకాలుండాలో నైసియా సభ ఓటేసి తేల్చింది.

రెండో మాట త్వరగా తేలిపోతుంది. 325 నాటి నైసియా సభ అరియస్ బోధ గురించి, పస్కా పండుగ తేదీ గురించి చర్చించింది. అది చేసిన 20 నియమాల్లో బైబిల్ పుస్తకాల జాబితా లేదు. ఈనాటి 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితా 367లో బిషప్ అథనేసియస్ రాసిన లేఖలో కనబడుతుంది.

మొదటి మాటకు తొందరపడి జవాబు చెప్పకూడదు. నాలుగు సువార్తల్లోనూ కథనం లోపల రచయిత తన పేరు చెప్పుకోలేదు, నిజమే. కానీ శీర్షికలున్న పాత ప్రతుల్లో కనబడేది ఈ నాలుగు పేర్లే, వేరే పేరు పెట్టిన ప్రతి లేదు. సుమారు 180 నాటికి బిషప్ ఐరేనియస్ ఈ నలుగురినీ పేరుపేరునా చెప్పాడు. కల్పించేవాళ్లే అయితే అపొస్తలులు కాని మార్కును, లూకాను ఎందుకు ఎంచుకుంటారు? రుజువని అనను, బలమైన వాదన అంటాను. రిచర్డ్ బాకమ్ అనే పండితుడు 2006లో సువార్తల వెనక ప్రత్యక్ష సాక్షులున్నారని పెద్ద పుస్తకమే రాశాడు. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు.

అపోహ: పాత ప్రతులు దొరికాయి కాబట్టి రచయితలెవరో తేలిపోయింది.

ఈ పొరపాటు మనవాళ్లది. మాంచెస్టర్‌లో ఉన్న చిన్న పపైరస్ ముక్క, అరచేతిలో పట్టేంతది, యోహాను 18లోని కొన్ని పంక్తులు మోస్తోంది. 1935లో ప్రచురించినప్పుడు 2వ శతాబ్దం మొదటి సగానిదన్నారు. ఇంకొంత తర్వాతిది కావచ్చని ఇప్పుడు కొందరంటున్నారు. ఎలా చూసినా అది సువార్త ఎప్పటికి చలామణిలో ఉందో చెబుతుంది, ఎవరు రాశారో చెప్పదు. 1947 నుంచి మృత సముద్రం గుహల్లో దొరికిన చుట్టలూ అంతే. యెషయా గ్రంథాన్ని వెయ్యేళ్లపాటు ఎంత జాగ్రత్తగా నకలు చేశారో చూపించాయి. నకలు బాగుందంటే రచయిత తెలిసినట్టు కాదు. ప్రసంగ వేదిక మీద ఈ రెండింటినీ కలిపేస్తే, రేపు కాలేజీలో ఎవరో విడదీసి చూపించినప్పుడు మన పిల్లలే నలిగిపోతారు.

అపోహ: ఆ కాలంలో ఇంకొకరి పేరుతో రాయడం మామూలే, ఎవరూ తప్పుపట్టలేదు.

పౌలు పేరున్న 13 పత్రికల్లో ఏడింటిని దాదాపు పండితులందరూ ఆయనవేనంటారు. తిమోతికి రాసిన రెండూ, తీతుకు రాసినదీ ఆయనవి కావని ఎక్కువమంది అభిప్రాయం. పదజాలం, సంఘ వ్యవస్థ వేరుగా ఉండటమే కారణం. లేఖనాలు దైవావేశం వల్ల కలిగాయని చెప్పడానికి మనం చూపించే వచనం ఆ రెండో తిమోతి పత్రికలోదే. అందుకే ఈ చర్చ మనకు అంత నొప్పి.

ఆ నొప్పికి మందుగా కొందరు పై మాట చెబుతారు. అది నిలబడదు. పౌలు పేరు మీద కథ రాసిన ఆసియా సంఘ పెద్ద ఒకరు పదవి పోగొట్టుకున్నాడని తొలి సంఘ రచయిత టెర్టూలియన్ రాశాడు. పేతురు పేరుతో తిరిగిన సువార్తను అంతియొకయ బిషప్ సెరాపియన్ కాదన్నాడు. తొలి సంఘం ఈ విషయంలో గట్టిగానే ఉంది. పౌలు చెబితే లూకా లాంటివాళ్లు తమ మాటల్లో రాసి ఉంటారన్న వాదన దీనికంటే మేలు. తెర్తియు, బారూకు దానికి సాక్షులు. తెర్తియుకు ఎంత స్వేచ్ఛ ఇచ్చాడో మాత్రం పౌలు ఎక్కడా చెప్పలేదు.

మరుసటి నెల కూడికలో మేం యిర్మీయా 36 చదివాం. కుంపటి దగ్గరికి వచ్చేసరికి గది నిశ్శబ్దమైంది. అయిపోయాక ఆ కుర్రాడే చెయ్యెత్తాడు. "అన్నా, బారూకు చుట్ట రాశాడు సరే. బారూకు రాశాడని రాసిందెవరు?" ఆ అధ్యాయంలో పేరు లేదని చెప్పాను. వాడు పెన్సిల్ తీసి పుట అంచున ఆ ప్రశ్న రాసుకున్నాడు. ఈసారి బైబిల్ మూయలేదు.