మాయలేడి, మా తాతామనవడు

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఉన్న పర్ణశాలలో, బంధువుల ఇంట, మొన్న వేసవిలో రెండు రోజులున్నాం. మారీచుడు బంగారు లేడియై వచ్చిన చోటు అదేనంటారు. మా మేనల్లుడు తన మాయలేడిని వెంట తెచ్చుకున్నాడు. దాని పేరు ‘మిస్టర్’, అరచేతిలో పట్టే పెట్టె.

2017లో అలెక్సీ మెల్నికోవ్ ఆరంభించిన హార్డ్‌వేర్ ఎమ్యులేటర్ ఇది. ఇందులోని ఎఫ్.పి.జి.ఎ. చిప్పుకు స్వంత రూపమంటూ లేదు. ఏ పాత ఆటయంత్రం నమూనా ఎక్కిస్తే దాని సర్క్యూటే తానవుతుంది. కరెంటు పోతే ఆ రూపం కాస్తా పోతుంది, బాణం తగిలిన మారీచుడిలాగే!

చూపు మందగించిన మా నాన్నగారికి మనవడి ఆట చూడాలని ముచ్చట. వాడు ఎఫ్12 నొక్కి, మెనూ తెరిచి, ఇరుకుగా ఉన్న బొమ్మను టీవీ నిండా పరిచాడు. ఆయన ముఖం వికసించింది. అంతలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే, పక్కల నల్లపట్టీలతో బొమ్మ మళ్ళీ ఇరుకే.

“ఇందాక సరిచేశావు కదరా?”

“చేశాను మామయ్యా, సేవ్ చెయ్యలేదు!”

సంగతేమంటే, మార్పు ఎంచుకోగానే అమలవుతుంది గాని, అది ఆ పూటకే. అదే మెనూలో ‘సేవ్ సెట్టింగ్స్’ నొక్కితేనే ఎస్.డి. కార్డులోని కాన్ఫిగ్ ఫోల్డరులో చేరుతుంది. ఏ ఆటయంత్రం నమూనాకు ఆ నమూనాకే విడిగా నొక్కాలి. పేపర్లు దిద్ది, మార్కులు రిజిస్టరులో ఎక్కించడం మరచే నాబోటి లెక్చరరు వాణ్ణేం కోప్పడగలడు?

ఈసారి వాడు ముందు సేవ్ నొక్కి, తరవాతే ఆట మొదలెట్టాడు. ఆ సాయంత్రం కరెంటు మరి రెండుసార్లు పోయింది. నాన్నగారు కుర్చీలోంచి కదలలేదు.