అన్నం తిందామా కలాం!

పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిల్చున్నాడు. లెక్కల్లో తప్పాడు. ఆ క్షణంలో మన నోట ముందు వచ్చే మాటేంటి? 'ఎన్నొచ్చాయిరా' అనా... 'అన్నం తిన్నావా' అనా? ఓసారి శ్రీహరికోటలోనూ ఇలాంటి పరిస్థితే వచ్చింది. కాకపోతే అక్కడ తప్పింది పిల్లాడు కాదు, రాకెట్!

1979 ఆగస్టు 10. మనదేశపు తొలి ఉపగ్రహ వాహకనౌక ఎస్ఎల్‌వీ-3 నింగికెగిసింది. మొదటి దశ భేషుగ్గా పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లు... అంతే, ఏళ్ల తరబడి పడ్డ కష్టం బంగాళాఖాతంలో కలిసిపోయింది. నియంత్రణ వ్యవస్థలో వాడే నైట్రిక్ ఆమ్లం కారిపోవడమే కారణమని తర్వాత తేలింది.

ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందు కంప్యూటర్ 'ఆగు' అన్నా, నిపుణుల మాట మీద ముందుకు వెళ్లమన్నది తానేనని ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. అంటే, వేలెత్తి చూపడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. పత్రికలవాళ్లూ సిద్ధంగా ఉన్నారు. కానీ వాళ్ల ముందుకొచ్చింది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. తన బృందం మీద నమ్మకముందనీ, ఏడాదిలోగా గెలిచి చూపిస్తారనీ చెప్పారు.

ఇది చాలామందికి తెలిసిన కథే. అదేరోజు జరిగిన మరో చిన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. అలసిపోయిన కలాం గదికెళ్లి మంచం మీద వాలిపోయారు. సాయంత్రమవుతుండగా ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిస్తే పక్కనే విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం డైరెక్టర్ బ్రహ్మప్రకాశ్! భోజనానికి వెళ్దామా అని అడిగారట. అంతకుముందే రెండుసార్లు వచ్చి, నిద్రపోతున్న మనిషిని లేపడం ఇష్టంలేక వెనుదిరిగారనీ, తానూ తినకుండా ఎదురుచూశారనీ కలాంకి తర్వాత తెలిసింది. ఆత్మకథలో ఈ సంగతిని ఎంతో ఆర్ద్రంగా రాసుకున్నారాయన.

ఇలాంటి గుణాన్నే మేనేజ్‌మెంట్ పాఠాల్లో 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' అంటున్నారు. మన కోపతాపాల్ని ముందు మనం గుర్తుపట్టడం, అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాడి మనసులో ఏముందో గ్రహించడం. అమెరికా మనస్తత్వవేత్తలు పీటర్ సలోవీ, జాన్ మేయర్ 1990లో దీనిమీద పరిశోధనా వ్యాసం రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఆ మాట ఊరూరా తెలిసిపోయింది. ధావన్, బ్రహ్మప్రకాశ్‌లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే దాన్ని చేతల్లో చూపించారు!

మెతకదనమంటే ఇదేనా అని కొందరికి అనుమానం రావచ్చు. కానేకాదు. వైఫల్యాన్ని ఎవరూ కప్పిపెట్టలేదు. కమిటీలు కూర్చున్నాయి, ప్రతి భాగాన్నీ జల్లెడ పట్టాయి. తప్పెక్కడో తేల్చారు. మనిషిని మాత్రం నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యలేదు. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ చాలామంది పెద్దలం పొరబడేది ఇక్కడే. తప్పును వెతికే ఓపిక లేక, మనిషిని తిట్టేసి పని అయిపోయిందనుకుంటాం. అలా తిట్లు తిన్నవాడు మరోసారి తప్పు జరిగితే చెబుతాడా? దాచేస్తాడు. రాకెట్ల పనిలో అలా దాచిన తప్పు ఎంత నష్టం తెస్తుందో వేరే చెప్పాలా?

1980 జులై 18. ఎస్ఎల్‌వీ-3 మళ్లీ లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి పత్రికలవాళ్లతో మాట్లాడమని ధావన్ కలాంనే ముందుకు పంపారు. తాను పక్కకు తప్పుకున్నారు.

2002 జనవరిలో ధావన్ కన్నుమూశాక శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. అదే ఏడాది రాష్ట్రపతి అయిన కలాం, నాయకత్వం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఓడిపోయిన ఆ రోజు దగ్గరే మొదలుపెట్టేవారు.