పక్కవాద్యం నుంచి వాద్యలహరి దాకా: అవసరాల కన్యాకుమారి

కర్ణాటక సంగీతంలో అత్యున్నత గౌరవంగా భావించే ‘సంగీత కళానిధి’ బిరుదును మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2016లో అవసరాల కన్యాకుమారికి ప్రకటించడంతో, వయొలిన్ విద్వాంసురాళ్ళలో ఆ గౌరవం పొందిన మొదటివారుగా ఆమె చరిత్రకెక్కారు. విజయనగరంలో పుట్టి, చెన్నైని కార్యక్షేత్రంగా చేసుకొని, అంతకు ముందు ఏడాదే పద్మశ్రీ అందుకున్న ఈ విదుషి ప్రయోగాలన్నిటికీ పునాది పక్కవాద్య సాధనలోనే ఉంది.

యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మలచిన తొలి తరంవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. పాశ్చాత్యులు గడ్డం కింద పట్టి వాయించే ఈ వాద్యాన్ని ఇక్కడ నేలమీద కూర్చొని, తల భాగాన్ని కుడి పాదం మీద, రెండో కొసను ఎడమ భుజం దగ్గర ఆనించి వాయిస్తారు. అందువల్ల వాద్యాన్ని మోసే పని తప్పిన ఎడమ చెయ్యి తీగ వెంట స్వేచ్ఛగా జారుతూ, స్వరాన్ని ఊపి పక్క స్వరాలతో కలిపే గమకాన్ని గాత్రంలో మాదిరిగానే పలికిస్తుంది. నాలుగు తీగలనూ గాయకుల శ్రుతికి తగినట్టు షడ్జమ పంచమాలకు బిగించుకుంటారు గనుక, ఏ గొంతుకైనా ఈ వాద్యం ఒదిగిపోతుంది.

1919లో ఏర్పడిన విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన ద్వారం వేంకటస్వామినాయుడు, పక్కవాద్యంగానే ఎక్కువగా వినిపిస్తున్న వయొలిన్‌కు స్వతంత్ర కచేరీ గౌరవం తెచ్చారు. ఆ ఊరిలోనే ఇవటూరి విజయేశ్వరరావు వద్ద విద్య ప్రారంభించిన కన్యాకుమారి, తరువాత చెన్నైలో ఎం. చంద్రశేఖరన్ వద్ద దానికి మెరుగులు దిద్దుకున్నారు. గురువులిద్దరూ చూపు లేనివారే. చెవినే ఆధారం చేసుకొని సంగీతాన్ని సాధించినవారు.

ఆ శిక్షణకు అసలు పరీక్ష గాయని ఎం.ఎల్. వసంతకుమారి కచేరీలలో ఎదురైంది. దాదాపు రెండు దశాబ్దాలు కన్యాకుమారి ఆమెకు పక్కవాద్యం వాయించడమే కాక, శిష్యురాలిగా ఆమె బాణీనీ ఆకళించుకున్నారు. తాళం లేకుండా రాగ స్వరూపాన్ని విస్తరించే ఆలాపనలో వయొలిన్ గాయని సంచారాలను వెన్నంటే వెళ్ళి, తన వంతు రాగానే అదే రాగాన్ని సొంత ఊహతో చూపాలి. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలలోనైతే లెక్క తప్పకుండా, విన్న మరుక్షణమే జవాబు చెప్పాలి. మెరుపు వేగపు సంచారాలకు పేరుపడిన వసంతకుమారి పక్కన ఇది మామూలు పని కాదు.

ఇతరుల నాదాన్ని విని తన నాదాన్ని సరిచూసుకొనే ఈ అలవాటే ప్రయోగాలలో అక్కరకొచ్చింది. కద్రి గోపాల్‌నాథ్ శాక్సోఫోన్‌తో కన్యాకుమారి కమాను ఏళ్ళ తరబడి జతకట్టింది. ‘వాద్యలహరి’ పేరిట ఆమె వయొలిన్, వీణ, నాదస్వరాలను ఒకే వేదిక మీదికి తెచ్చారు. ఆరుబయట ఊరేగింపులో మోగే నాదస్వరానికీ, మెత్తని వీణకూ నడుమ నాదం నిలిపే బాధ్యత ఇందులో వయొలిన్‌ది. వందమంది వయొలిన్ కళాకారులతో బృంద కచేరీ నడిపించినప్పుడూ, అందరి గమకమూ ఒక్కటిగా పలకడమే గీటురాయి అయింది.

ఆమె శిష్యుడు ఎంబార్ కణ్ణన్ కచేరీలలో పక్కవాద్యం వాయిస్తూనే సినిమా పాటల రికార్డింగుల్లోనూ పేరు తెచ్చుకోవడాన్ని బట్టి, ఈ శిక్షణ శాస్త్రీయ వేదికకే పరిమితమైనది కాదని రుజువవుతున్నది.