ఎత్తిన చేయి: భుజ చలనంలో కండరాల సమన్వయం

జేమ్స్ బర్జెస్ 1887లో ప్రచురించిన జగ్గయ్యపేట స్తూప శిల్పాలలో ఒక చక్రవర్తి కుడిచేయి మేఘాల వైపు ఎత్తి నాణేల వర్షం కురిపిస్తుంటాడు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో మిర్చి బస్తాలను లారీలకెత్తే ముఠా కార్మికుల నిత్యచలనం కూడా ఇదే. దీనిని డెల్టాయిడ్ కండరానికి మాత్రమే ఆపాదించడం అసమగ్రం.

చేతిని పక్కకు ఎత్తే చలనాన్ని డెల్టాయిడ్, సుప్రాస్పైనేటస్ కలిసి ఆరంభిస్తాయి. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు కండరాలు భుజాస్థి శిరస్సును అంసఫలకపు లోతులేని గుంటలో నిలుపుతాయి. ఈ పట్టు సడలితే డెల్టాయిడ్ లాగుడుకు శిరస్సు పైకి జరుగుతుంది. సుప్రాస్పైనేటస్ స్నాయుబంధం పైనున్న అక్రోమియన్ ఎముకకు ఒరుసుకుంటుంది.

చేయి నిటారుగా లేవడానికి కావలసిన సుమారు 180 డిగ్రీలలో భుజకీలు వాటా దాదాపు 120. మిగిలిన 60 డిగ్రీలు అంసఫలకం, అంటే వాడుకలోని రెక్క ఎముక, తిరగడం వల్ల సమకూరుతాయి. దానిని తిప్పేవి వీపుమీది ట్రెపీజియస్, పక్కటెముకల నుంచి వచ్చే సెరేటస్ యాంటీరియర్. ఎడతెగని శ్రమతో ఇవి అలసినప్పుడు రెక్క ఎముక తగినంత తిరగదు. భారం భుజకీలుపై పడుతుంది.

“రెక్కాడితేగాని డొక్కాడదు” అన్న సామెత వర్తించే శ్రామికునికి భుజం నొప్పి అంటే కూలి పోవడమే. అందువల్ల అతని భుజాన్ని పరీక్షించేవారు నొప్పి ఉన్న చోటుతో ఆగక, చేయి ఎత్తించి రెక్క ఎముక కదలికను వెనుకనుంచి కూడా పరిశీలించాలి.