డైముల దండు

ధనవంతుడొకడు వేయి రూపాయలిచ్చుటకును, వేయిమంది తలకొక రూపాయి యిచ్చుటకును లెక్కలో భేదము లేదు. పనిలో మాత్రము గొప్ప భేదము కలదు. ఒక్కడే ఇచ్చినచో ఆ పని అతనిదగును. వేయిమంది ఇచ్చినచో ఆ పని వేయిమందిదగును. అది సాగుచున్నదా లేదా యని వేయిమంది విచారింతురు. చెడినచో వేయిమంది నిలదీసి అడుగుదురు. బడి కట్టుటకో, చెరువుగట్టు బాగుచేయుటకో ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేయుట తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. ఇదే పద్ధతి ఒక దేశమంతటను వ్యాపించి, ఒక భయంకరవ్యాధిని లొంగదీయుటకు తోడ్పడిన వృత్తాంతము అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో కలదు.

ఆ వ్యాధి పోలియో. పిల్లలకే ఎక్కువగా వచ్చుటచే దానిని శిశుపక్షవాతమనియు పిలిచెడివారు. దీనికి మూలము ఒక వైరసు. అది మలినమైన నీటివలనను, చేతులవలనను నోటిలో ప్రవేశించి ప్రేగులలో వృద్ధిపొందును. సోకినవారిలో పెక్కుమందికి ఏ బాధయు కలుగదు. కొలదిమందిలో మాత్రము అది వెన్నుపాములోని నాడీకణములను నాశనము చేయును. అంతట కాళ్లో చేతులో చచ్చుబడును. ఊపిరి తీయుటకు తోడ్పడు కండరములే చచ్చుబడినచో ప్రాణమునకు ముప్పు. అట్టి రోగిని మెడవరకు ఒక పెద్ద ఇనుప పీపాలో పరుండబెట్టి, అందలి గాలి ఒత్తిడిని మార్చుచు ఊపిరి ఆడునట్లు చేసెడివారు. ఆ యంత్రమును ‘ఇనుప ఊపిరితిత్తి’ అనెడివారు. వేసవి వచ్చినదన్న అమెరికాలోని తల్లిదండ్రుల గుండెలు దడదడలాడెడివి. పిల్లలను ఈతకొలనులకును, జనము గుమిగూడు చోట్లకును పంపుటకు వారు జంకెడివారు.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921లో, తన ముప్పదితొమ్మిదవ యేట, ఈ వ్యాధికి గురియయ్యెను. అతని కాళ్లు మరల స్వాధీనము కాలేదు. జార్జియా రాష్ట్రమున వార్మ్ స్ప్రింగ్స్ అను చోట వేడినీటి ఊటలు కలవు. ఆ నీటిలో మునిగి కాళ్లను ఆడించుట తనకు సుఖముగా నుండుటచే అతడు 1926లో ఆ స్థలమును కొని, మరుసటి సంవత్సరము అచట రోగులకొరకు లాభాపేక్ష లేని సంస్థ నొకదానిని నెలకొల్పెను. అతని మిత్రుడును న్యాయవాదియు నగు బాసిల్ ఓకానర్ దాని భారము వహించెను. మొదట సంస్థ ధనవంతుల విరాళములపై ఆధారపడెను. 1929లో ఆర్థికమాంద్యము సంభవింపగా ఆ ధార సన్నగిల్లెను. అప్పుడు నిర్వాహకుల దృష్టి సామాన్యజనులవైపు మరలెను. 1933లో రూజ్‌వెల్టు దేశాధ్యక్షుడయ్యెను. 1934లో అతని పుట్టినరోజైన జనవరి 30వ తేదీన ఊరూర విందులు, నృత్యోత్సవములు జరిపి, టిక్కెట్లమ్మి, పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టిరి.

1938లో దేశమంతటికిని వర్తించునట్లు శిశుపక్షవాత నివారణకై ఒక జాతీయసంస్థ యేర్పడెను. దానికి నిధి కావలసివచ్చెను. ఎడ్డీ కాంటర్ అను ప్రసిద్ధ హాస్యనటుడొక ఉపాయము చెప్పెను. డాలరులో పదియవ వంతు విలువగల చిన్న నాణెమునకు డైము అని పేరు. ప్రతివారును ఒక్క డైమును అధ్యక్షుని పేర శ్వేతసౌధమునకు నేరుగా పంపవలెనని అతడు రేడియోలో విజ్ఞప్తి చేసెను. ఆ కాలమున ‘మార్చ్ ఆఫ్ టైమ్’ అను వార్తాచిత్రము సినిమాశాలలలో పేరుపడియుండెను. ఆ పేరునే కొంచెము మార్చి, అతడు ఈ ఉద్యమమును ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’, అనగా డైముల దండు, అనెను.

కొలదిదినములలో శ్వేతసౌధమునకు ఉత్తరములు బస్తాలకొలది వచ్చిపడెను. ప్రభుత్వపు ఉత్తరములు వానిలో కలిసిపోయి, వెదకి తీయుటకు గుమాస్తాలు నానాపాట్లు పడిరి. లెక్కింపగా 26,80,000 డైములు తేలెను. వాని విలువ 2,68,000 డాలర్లు. ఒక్క డైము ఇచ్చుటకు ధనికుడు కానక్కరలేదు, పిల్లవాడైనను ఇయ్యగలడు. కాంటర్ ఉపాయములోని బలమంతయు ఈ చిన్నతనమునందే యున్నది.

ఒక్క విజ్ఞప్తితో ఉద్యమములు నిలువవు. సంస్థ దేశమంతట శాఖలను స్థాపించెను. వానిని నడపినవారు ఆయా ఊళ్లలోని స్వచ్ఛందసేవకులే. 1950 జనవరిలో అరిజోనా రాష్ట్రమునందలి ఫీనిక్స్ నగరమున తల్లులు మరియొక మార్గము కనిపెట్టిరి. చందా ఇయ్యదలచినవారు సాయంకాలము తమ ముంగిట దీపము వెలిగించి యుంచవలెనని ముందుగా చాటించిరి. వేళకు వేలకొలది తల్లులు వీధులవెంట బయలుదేరి, దీపమున్న ఇంటి తలుపే తట్టిరి. ఒక్క గంటలో సుమారు 45,000 డాలర్లు పోగయ్యెను. అడిగినది పరాయివారు కారు, ఇరుగుపొరుగు స్త్రీలు. వారికిని బిడ్డలున్నారు, ఇచ్చువారికిని బిడ్డలున్నారు. ఇయ్యదలపనివారికి దీపము వెలిగింపకుండు స్వేచ్ఛ యుండెను.

ఈ ధనము రెండు విధముల వినియోగమయ్యెను. ఒక భాగము రోగుల చికిత్సకు, ఇనుప ఊపిరితిత్తులకు, కాళ్లకు తొడుగు కట్లకు వ్యయమయ్యెను. మరియొక భాగము పరిశోధనకు పోయెను. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అను శాస్త్రజ్ఞులు పోలియో వైరసును నాడులు కాని ఇతర ధాతువులలో, గాజునాళికలయందు, పెంచగలిగిరి. టీకా తయారుచేయుటకు త్రోవ యేర్పడినది దీనివలననే. వీరికి 1954లో నోబెల్ బహుమానము లభించెను. పిట్స్‌బర్గులో జోనస్ సాక్ అను వైద్యుడు చంపబడిన వైరసుతో టీకా సిద్ధపరచెను. ఈ పరిశోధనలకు ధనసహాయము చేసినది డైముల నిధియే.

అందరి ధనము అందరికిని సమముగా అందెనా యని విచారించినచో ఒక మచ్చయు కనబడును. నల్లజాతివారును డైములిచ్చిరి. కాని వారి బిడ్డలకు వార్మ్ స్ప్రింగ్స్‌లో ప్రవేశము లేకుండెను. దీనిపై విమర్శ చెలరేగగా, సంస్థ ధనముతో 1941లో టస్కిగీ విద్యాసంస్థయందు నల్లజాతి పిల్లలకు ప్రత్యేకముగా చికిత్సాలయము తెరువబడెను. వేరుచేయు ఆచారము మాత్రము వెంటనే పోలేదు. చందా పుచ్చుకొన్న సంస్థ ఇచ్చినవారందరికిని ఋణపడియుండునన్న మాట ఇట్టిచోటనే పరీక్షకు నిలుచును.

1952లో అమెరికాయందు సుమారు 58,000 మందికి పోలియో సోకెను. మూడువేలమందికి పైగా మరణించిరి. 1954 ఏప్రిలులో సాక్ టీకాను పరీక్షించుట మొదలయ్యెను. పదునెనిమిది లక్షలమంది బాలబాలికలు అందు పాల్గొనిరి. తల్లిదండ్రులు తమ బిడ్డల చేతులను క్రొత్త టీకాకు అప్పగించిరి. తాము డైములిచ్చి పెంచిన పని యగుటచే దానియందు వారికి నమ్మకముండెను. 1955 ఏప్రిల్ 12న, రూజ్‌వెల్టు మరణించి సరిగా పదేండ్లైన దినమున, టీకా పనిచేయుచున్నదని ప్రకటింపబడెను. దేశమంతట చర్చిగంటలు మ్రోగెను.

ఆ సంతోషమునకు వెంటనే దెబ్బ తగిలెను. ఒక కర్మాగారమున తయారైన టీకాలో చావని వైరసు మిగిలియుండుటచే పెక్కుమంది పిల్లలు వ్యాధిగ్రస్తులైరి, పదిమంది మరణించిరి. ప్రభుత్వము టీకాలను కొంతకాలమాపి, తయారీనియమములను కట్టుదిట్టము చేసి మరల సాగించెను. 1957 నాటికి రోగుల సంఖ్య ఆరువేలకు లోపలికి దిగెను. సాక్ ఆ టీకాపై పేటెంటు తీసికొనలేదు.

నోటిలో చుక్కలుగా వేయు టీకాను రూపొందించిన ఆల్బర్ట్ సేబిన్‌కును ఆ నిధినుండియే సహాయమందెను. ఆ చుక్కలే పిమ్మట భారతదేశమున పసిపిల్లల నోట పడినవి. 1995లో పల్స్ పోలియో ఉద్యమము మొదలయ్యెను. 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజమైన పోలియో వైరసువలన ఒక్క బిడ్డకును వ్యాధి రాలేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమును పోలియోరహితముగా ధ్రువీకరించెను.

అడుగువారు ఇరుగుపొరుగువారై యుండుట, అడిగినది అందరికిని ఇయ్యదగినదై యుండుట, వసూలైనది ఏ పనికి వ్యయమైనదో అందరికిని కనబడుట—ఈ మూడును కూడినచోట చిన్న చందా పెద్ద పని చేయును. వీనిలో ఏ ఒక్కటి లోపించినను డబ్బు పోగగును గాని నమ్మకము నిలువదు.

రూజ్‌వెల్టు మరణానంతరము 1946లో అమెరికా ప్రభుత్వము అతని ముఖచిత్రముతో క్రొత్త నాణెమును ముద్రించెను. అందులకు ఎన్నుకొన్నది డాలరును కాదు; డైమునే.