మునివ్రేళ్ళ తిమ్మిరి

మైలవరం ప్రాంతపు గృహిణి చేతులకు రాని పని లేదు. బియ్యములో రాళ్ళేరుట, పూలు కట్టుట, రవికకు కొక్కెములు పెట్టుకొనుట – వీనినన్నిటిని ఆమె కంటి చూపుకన్న మునివ్రేళ్ళ స్పర్శతోనే చేయుచుండును. రొమ్ము క్యాన్సరుకు విజయవాడ వెళ్ళి మందు ఎక్కించుకొని వచ్చిన స్త్రీకి ఒకనాడు పూలదారము వ్రేళ్ళకు తెలియకున్నచో, దానిని నీరసమని త్రోసిపుచ్చరాదు. అది నరములకు దెబ్బ తగులుచున్నదను తొలి హెచ్చరిక కావచ్చును.

క్యాన్సరును మందులతో ఎదుర్కొనుటలో తెలుగువారికి గర్వకారణమైన భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. అది తరువాత రొమ్ము క్యాన్సరు చికిత్సలోను వాడుకకు వచ్చినది. నేడు ఈ వ్యాధికి విరివిగా వాడు ప్యాక్లిటాక్సెల్ మాత్రము వేరొక జాతి మందు. పసిఫిక్ యూ అను చెట్టు బెరడునుండి లభించిన ఈ పదార్థము యొక్క నిర్మాణము 1971లో వెల్లడియైనది. 1994లో అమెరికాలో రొమ్ము క్యాన్సరుకు దీనిని అనుమతించిరి.

కణము రెండుగా చీలుటకు దానిలోని సూక్ష్మనాళికలు కూడుచు, విడుచు ఉండవలెను. ఈ మందు వానిని బిగించివేయును. క్యాన్సరు కణము చీలలేక నశించును. నరములోను ఇట్టి నాళికలే కలవు. అచట అవి పోషకములను మోసికొనిపోవు బాటలు. వెన్నెముక ప్రక్కనున్న కణమునుండి కాలివ్రేలి వరకు సాగు పోగు సుమారు ఒక మీటరు పొడవుండును. ప్రకాశం బ్యారేజీనుండి బయలుదేరిన కాలువ పూడినచో మొదట ఎండునది శివారు చేలే కదా! అటులనే తిమ్మిరి, మంట, మొద్దుబారుట మొదట కాలివ్రేళ్ళలోను, చేతివ్రేళ్ళలోను కనబడును.

దీనిని తొలిదశలోనే పట్టుటకు గొప్ప యంత్రము అక్కరలేదు. వైద్యుడు సెకనుకు 128 సార్లు కంపించు శ్రుతిదండమును కాలివ్రేలి ఎముకపై ఆనించి కంపము తెలియుచున్నదేమో అడుగును. సన్నని నైలాను పోగుతో పాదమును తాకి చూచును. మొదటి విడత మందుకు ముందే ఈ పరీక్ష చేసి వ్రాసి ఉంచినచో తరువాతి మార్పు తేటపడును. మధుమేహము, బి12 లోపము ఉన్నవారి విషయమున ఇది మరింత అవసరము. వారి నరములు ముందే దెబ్బతిని ఉండవచ్చును.

ఇంటివారును ప్రతి విడతకు ముందు కొన్ని ప్రశ్నలు వేయవచ్చును. గుండీలు పెట్టుకొనుట కష్టమగుచున్నదా? నాణెములు చేతినుండి జారుచున్నవా? కాలి చెప్పు ఊడిపోయినను తెలియుటలేదా? చీకటిలో నడక తూలుచున్నదా?

ఇచటనే ఒక చిక్కు కలదు. చెప్పినచో మందు ఆపివేయుదురేమో, వ్యాధి తిరుగబెట్టునేమో అను భయముతో పలువురు స్త్రీలు తిమ్మిరిని దాచుకొందురు. ఆ భయము అర్థము చేసికొనదగినదే. కాని వైద్యుడు ఒక్కసారిగా మందు ఆపవలెనని లేదు. మోతాదు తగ్గించుట, విడతను కొంత వెనుకకు జరుపుట, మందు మార్చుట అను మార్గములు అతని చేతిలో నున్నవి. మౌనము వలన అవి మూసికొనిపోవును. రోగి తనంతట తాను చికిత్స మానుటయు అంతే ప్రమాదము.

ఈ నరముల దెబ్బను నిశ్చయముగా నివారించు మందు ఇంకను లేదు. బాధ అధికమైనపుడు వైద్యులు డులోక్సెటిన్ ఇత్తురు. నరములకు బలమని అసిటైల్ ఎల్-కార్నిటైన్ మాత్రలను సొంతముగా వాడరాదు. 409 మంది రొమ్ము క్యాన్సరు రోగులపై జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో అవి తిమ్మిరిని హెచ్చించినవని తేలినది. మందు ముగిసిన పిమ్మట పలువురికి నెలలమీద నెమ్మది చిక్కును. కొందరికి ఏండ్లు నిలుచును.

స్పర్శ తగ్గినవారు వేడినీటిని మోచేతితో చూచుకొనవలెను, లేదా ఇతరులచే చూపించుకొనవలెను. పొయ్యిమీది గిన్నెను గుడ్డతోనే పట్టవలెను. ఇంటిలోను మెత్తని చెప్పులు తొడుగవలెను. రాత్రి పాదములను దీపపు వెలుగులో పరికించి, తెలియకుండ తగిలిన గాయములను చూచుకొనవలెను. అన్నింటికి ముందు, తిమ్మిరి తోచిన నాడే నోరు విప్పి చెప్పవలెను. ప్రాణము దక్కుటయు, ఆ ప్రాణముతో మరల పూలు కట్టుకొనగలుగుటయు – రెండును చికిత్స ఫలములే.