రెండు చింతమాన్ల నడుమ నడక

మన చిత్తూరు పక్క ధర్మరాజుల తిరునాళ్లకి పోయినోళ్లకి తపస్సు మాను గురించి కొత్తగా చెప్పే పనిలేదు. పద్దెనిమిది దినాలు భారతం జరుగుతాది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అందులో ఒక దినం అర్జునుడి తపస్సు. నున్నగా చెక్కిన పొడుగాటి మాను నాటి, అర్జునుడి వేషం కట్టిన మనిషి పద్యాలు పాడతా ఒక్కో మెట్టూ ఎక్కతాడు. కొనకి చేరినాక నిమ్మకాయలు, ఈబూది కిందికి ఇసురుతాడు. బిడ్డలు లేని ఆడోళ్లు తడి గుడ్డలతో మాను కింద సాష్టాంగపడి ఉంటారు. పైకి చూసేవాళ్లకి మాత్రం అరికాళ్లు జివ్వుమంటా ఉంటాయి. మా అవ్వ అయితే కండ్లు మూసుకునేది, ఆయప్ప దిగినాక చెప్పండిరా అని.

ఆ జివ్వుమనడమే ఇప్పుడు మన పిలకాయల ఫోన్లలో తిరగతా ఉండాది. రెండు కొండల నడుమ బెల్టు మాదిరి పట్టా కట్టి, దాని మీద ఒకడు చేతులు చాపుకొని నడుస్తా ఉంటాడు. కింద ఏముందో చూస్తే అగాధం. దీన్ని హైలైన్ అంటారు. అదే పట్టాని రెండు మాన్ల నడుమ మోకాలెత్తులో కడితే స్లాక్‌లైన్. స్లాక్ అంటే వదులు. సర్కస్‌లో చూసే ఇనుప తీగ బిగుసుకొని ఉంటాది, కదలదు. ఈ పట్టా అట్లకాదు, కాలు పెడితే కిందికి దిగతాది, పక్కలకి ఊగతాది, మనిషిని ఎగరేస్తాది. అంగుళమో రెండంగుళాలో వెడల్పు ఉండే నైలాను పట్టా, అంతే.

ఇది పుట్టింది అమెరికాలో కొండలెక్కేవాళ్ల దగ్గర. కాలిఫోర్నియాలో యోసెమిటీ అని పెద్ద రాతి లోయ ఉండాది. ఎక్కే పని లేని దినాల్లో ఆడ పిలకాయలు బండ్లు నిలిపే చోట గొలుసుల మీద నడిచి ఆడుకునేవాళ్లు. 1970ల చివర్లో ఆడమ్ గ్రొసౌస్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ అనే ఇద్దరు కాలేజీ సావాసగాళ్లు, కొండెక్కేదానికి వాడే పట్టానే బిగించి దాని మీద నడిచేది మొదలుపెట్టినారు. 1985లో స్కాట్ బాల్కమ్ అనే ఆయన యోసెమిటీలోనే లాస్ట్ యారో అనే సూది శిఖరానికీ, పక్క కొండ అంచుకీ నడుమ కట్టిన పట్టా మీద నడిచి దాటినాడు. పట్టా పొడుగు 55 అడుగులే. కింద లోయ మాత్రం సుమారు 2,900 అడుగులు. అంతకు ముందు ప్రయత్నం చేసి దాటలేకపోయిన మనిషే ఆయన.

ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒక మాట గొంతులో అడ్డం పడతాది. మోకు మీద నడిచేది మనకి ఎవురూ అమెరికా నుంచి తెచ్చి ఇయ్యలేదు. నా చిన్నప్పుడు ఊరి నడిబజార్లో నాలుగు వెదుర్లు కత్తెర మాదిరి నాటి, మోకు లాగి కట్టి, ఏడెనిమిదేండ్ల పాప చేతిలో గడ పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేది. తల మీద చెంబులు. కింద వాళ్ల నాయన డోలు కొడతా ఉంటాడు, కన్ను మాత్రం పాప కాలి మీదే. ఆట అయినాక గిన్నె పట్టుకొని వస్తే చారెడు బియ్యం, రూపాయో అర్ధో. ఆ కులం పేరుని మనం తిట్టు చేసి పెట్టుకున్నాం. ఇంట్లో ఆడపిల్ల రవ్వంత ఎగిరితే చాలు, ఆ పేరే వాడతారు. విజయనగరం కాలం శాసనాల్లో దొమ్మరి పన్ను అనే మాట కనపడతాది. అంటే ఆ ఆటగాళ్లు కట్టిన పన్ను కూడా లెక్కల్లోకి ఎక్కేంత పెద్దదే. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలోనూ వాళ్ల కసరత్తుల గురించి రాసి ఉండాది. అదే పని తెల్లోడు చేస్తే సాహసం, మనోళ్లు చేస్తే అడుక్కునేది. పసిబిడ్డని మోకెక్కించేది మళ్లా రావాలని నేను అనడం లేదు, అది పోవడమే మేలు. పేరు తిట్టుగా మిగిలిపోయిందే, అది పోవాల.

సరే, పట్టా సంగతికి వస్తాం.

మా సావాసగాళ్లం నలుగురం ఫోన్లో చూసి చూసి, ఒక ఆదివారం తోపులో రెండు చింతమాన్లకి లారీ బెల్టు కట్టినాం. లోడు బిగించే రాచెట్ బెల్టు. ఎంత బిగిస్తే అంత గట్టిగా నిలబడతాదని అనుకున్నాం. ఒకడు చక్రం తిప్పతా ఉంటే ఇద్దరం బెల్టు మీద ఎగిరి కూర్చొని వదులు తీసినాం. అది ఈణ మాదిరి మోగేంత బిగిసింది. మావోడు కాలు పెట్టి లేచి, రెండడుగులు వేసినాడో లేదో, కొక్కెం సాగిపోయి ఊడింది. ఇనుప రాచెట్ గాల్లో పోయి, మాను పక్కన నిలబడుకొని వీడియో తీస్తా ఉన్నోడి మోచేతికి తగిలింది. నాలుగు కుట్లు పడినాయి. తలకి తగిలుంటే ఈ వ్యాసం ఇట్ల ఉండేది కాదు.

తప్పు బెల్టుది కాదు, మాది. ఆ లెక్క మాకు తెలియదు. ఒక బిందె నిండా నీళ్లు పోసి, దాని చెవులకి తాడు దూర్చి, ఇద్దరు చెరొక కొస పట్టుకోండి. తాడు బాగా వంగి ఉన్నప్పుడు సులువుగా మోస్తారు. ఇప్పుడు ఇద్దరూ దూరం జరుగుతా తాడుని నిటారుగా చేసేదానికి చూడండి. భుజాలు పీక్కుపోతాయిగానీ తాడు మాత్రం సమం కాదు. బిందె బరువు పెరగలేదు, తాడు వంపు తగ్గింది. అంతే తేడా.

పట్టా కూడా అదే. రెండు మాన్ల నడుమ 15 మీటర్లు, నడిచేవాడి బరువు 60 కిలోలు అనుకుందాం. నడిమధ్యలో నిలబడినప్పుడు పట్టా ఒక మీటరు కిందికి దిగితే ఒక్కో మాను మీద పడే లాగుడు సుమారు 225 కిలోలు. అర మీటరే దిగేట్టు బిగిస్తే 450. పావు మీటరు అయితే 900. మనిషి అదే మనిషి. బరువుని పొడుగుతో గుణించి, వంపుకి నాలుగింతలతో భాగిస్తే లెక్క వచ్చేస్తాది. ఎగిరినా, ధబీమని పడినా ఇంకా పెరుగుతాది. మేము బెల్టుని ఈణ మాదిరి మోగించినప్పుడు, టన్నుకి తగ్గని లాగుడుని చేతులారా తెచ్చి, ఒక వంకర కొక్కేనికి తగిలించినాం. బెల్టులో అంత బలం సాగి దాక్కొని ఉంటాది, ఊడితే బాణమే. అందుకే పట్టా బిగించేటప్పుడు దాని దారికి నేరుగా ఎవురూ నిలబడకూడదు. రాచెట్‌ని వేరే తాడుతో మానుకి కట్టి పెట్టాల, ఊడినా ఎగరకుండా.

వంగే కొక్కేలు వద్దు. మానుకి చుట్టే ఉచ్చులు, మూతపడే ఇనుప లంకెలు ఉండే స్లాక్‌లైన్ కిట్లు దొరకతా ఉండాయి. ఒక ఫోను కంటే తక్కువ ధరే. ఇంకోటి, మన ఎండ. నైలాను ఎండకి చూడను బాగానే కనపడతాది, లోపల పీచు చచ్చిపోతాది. ఏడాదంతా మేడ మీద పడేసిన పట్టాని గోరుతో గీకితే పొడి రాలుతాది, అట్టాదాన్ని మేకల్ని కట్టేదానికి వాడుకోండి.

మాను ఏది అంటే, చింతమాను, కానుగ, మర్రి. ఒక మనిషి రెండు చేతులా కౌగిలించుకుంటే నిండేంత లావు ఉండాల. తోతాపురి మామిడి తోపుల్లో కట్టాలని అనిపిస్తాది, నీడ బాగుంటాది కదా. కానీ పట్టా ఒరిస్తే బెరడు చీరి జిగురు కారతాది, ఆ గాయంలోకి పురుగు దూరతాది. తోపు మనది కాకపోతే కాయల కాలంలో రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఏ మానుకైనా గోనెసంచి నాలుగు మడతలేసి చుట్టి, దాని మీదే కట్టాల. కరెంటు స్తంభానికి, ఇటుక గోడకి, బాయి ఒరకి, పాత మండపం రాతి కంబానికి కట్టేది లేనే లేదు. రాతి కంబం పైనుంచి పడే బరువుని మోస్తాది, పక్క నుంచి లాగితే ఓర్చుకోలేదు.

ఇక నడక. మొదటి దినం కాలు పెడితే మోకాలు దడదడలాడతాది. భయంతో అని అనుకుంటారు, భయం రవ్వంతే. పట్టా ఎడమకి పోయిందని అరికాలు చెప్పి, తల అర్థం చేసుకొని, కాలుని కుడికి లాగే లోపల పట్టా అప్పుడే కుడికి వచ్చేసి ఉంటాది. ఆలస్యంగా పోయిన ఆజ్ఞ ఊపుని తగ్గించకుండా పెంచతాది. సైకిలు నేర్చుకునేటప్పుడు హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకునేది గుర్తుందా, అదే. నాలుగైదు దినాలు పోతే తలని అడగకుండానే కాలు సర్దుకుంటాది. చెప్పులు తీసేయండి, మోకాలు రవ్వంత వంచండి, చేతులు తలకి సమంగా ఎత్తండి. కాళ్లని చూసుకోవద్దు, ఎదర మానుకి కట్టిన ముడిని చూడండి. ముందు ఒంటికాలి మీద పది అంకెలు లెక్కబెట్టేంత సేపు నిలబడితే, నడక దానంతట అదే వస్తాది. కింద రాళ్లు ఏరేసి, వీలైతే వరిగడ్డి పరచండి. మోకాలెత్తు నుంచి పడినా మణికట్టు విరిగినోళ్లు ఉండారు.

హైలైన్ కథ వేరే. ఆడ పట్టా ఒకటి కాదు, రెండు. ఒకటి తెగినా రెండోది పట్టుకునేట్టు కింద వదులుగా ఇంకోటి పోతాది. నడిచేవాడి నడుముకీ తొడలకీ హార్నెస్, దానికి తాడు, ఆ తాడు కొనన ఇనుప వలయాలు, వలయాల లోపల నుంచి రెండు పట్టాలూ. మనిషి నడిచే కొద్దీ వలయం వెనకాల జారతా వస్తాది. పడితే పట్టా కింద యాలాడతాడు, తాడు పట్టుకొని పైకి పాకి మళ్లా లేచి నిలబడతాడు. వీడియోలో ఆ సన్న తాడు కనపడదు. దాన్ని చూడకుండా, ఏ ఆధారమూ లేకుండా నడిచినాడని నమ్మే పిలకాయలే నాకు భయం.

ఎంత గొప్పోళ్లయినా పడతారు. 2024 జూలైలో జాన్ రూస్ అనే ఎస్టోనియా దేశపాయన ఇటలీలో మెస్సినా జలసంధి మీద మూడున్నర కిలోమీటర్లు దాటిన పట్టా మీద నడిచినాడు. దగ్గర దగ్గర మూడు గంటలు. ఇంకా 80 మీటర్లే ఉండాయనంగా కాలు జారి పడినాడు. తాడు ఉండాది కాబట్టి లేచి మిగతాది కూడా నడిచి అవతలి గట్టుకి చేరినాడు. రికార్డు పోయింది, మనిషి మిగిలినాడు.

మరి మన కొండల్లో చేయొచ్చా? చూసేదానికి అంతా అనువుగానే ఉంటాది. తలకోన జలపాతం 270 అడుగులు, హార్సిలీ కొండ అంచులు, నగరి ముక్కు, చంద్రగిరి గుండ్లు. కానీ తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోది, శేషాచలం 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. అనుమతి లేకుండా మోకులు, ఇనుప సామాన్లు సంచిలో వేసుకొని ఆ అడవిలోకి పోతే, ఎర్రచందనం కోసం వచ్చినారనే అనుకుంటారు. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలోనే 20 మంది తమిళ కూలీలు తుపాకీ గుండ్లకి చనిపోయినారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పినారు, కాదని హక్కుల సంఘాలు చెప్పినాయి. ఆ అడవిలో రాత్రిపూట ఆటలు వద్దు. చంద్రగిరి, గుర్రంకొండ కోటలు పురావస్తు చట్టం కింద ఉండాయి, రాతికి ఒక మేకు కొట్టినా కేసే.

అనుమతి ఉన్న చోట కూడా రాయిని నమ్మేదానికి ముందు బండ కొట్టేవాళ్లని అడగండి. గుండు పెద్దదిగా ఉండొచ్చు, కింద ఊరికే ఆని ఉండొచ్చు. మన గ్రానైటు బండలు ఎండకీ వానకీ ఉల్లిపాయ మాదిరి పొరలు పొరలుగా లేస్తాయి. సుత్తితో తట్టితే గట్టి రాయి ఖంగుమంటాది, పొర లేచింది డొల్లగా మోగతాది. ఆ చెవి బండపనోళ్లకి ఉంటాది, యూట్యూబ్‌కి ఉండదు. హైలైన్ కట్టాలనుకునేవాళ్లు ముందు కొండ ఎక్కే విద్య నేర్చుకోవాల, ముళ్లు వేసేది, యాంకర్లు పెట్టేది, పడినోడిని పైకి లాగేది. తెలంగాణలో భువనగిరి గుట్ట దగ్గర శిక్షణ బడి ఉండాది. 2014 మే 25న పదమూడేండ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ మొదట తాడు పట్టుకున్నది ఆ గుట్ట మీదే. ఇద్దరూ గురుకులం పిల్లలే. అట్టాంటి బడి ఒకటి మన పాత చిత్తూరు జిల్లాలో ఏంటికి లేదో నాకు అర్థం కాదు. రాళ్లకి కరువా మనకి?

కుట్లు మానినాక మేము మళ్లా కట్టినాం. ఈ తూరి సరైన కిట్టు, గోనెసంచులు, మోకాలెత్తు. మాపిటికి ఊళ్లో చిన్న పిలకాయలంతా చేరతారు, ఆడపిల్లలు మా కంటే తొందరగా నేర్చుకున్నారు. ఒక దినం చాపలు అమ్ముకునే ముసలాయన సైకిలు ఆపి చానాసేపు చూసినాడు. చిన్నప్పుడు మోకు మీద ఆడినోడంట. చెప్పులు విడిచి, పట్టా మీద ఒక కాలు పెట్టి, ఊపు చూసి దిగేసినాడు. "మాది ఊగదబ్బా, ఇది పామయ్యా" అని నవ్వినాడు. "గడ ఉంటే చూద్దును."

వచ్చే ఆదివారానికి ఆరు మూరల వెదురు కోసి పెట్టినాం.